గ్రామకంఠంలో ఏముంది? ఊరి పటం ఊరే గీసుకునే పద్ధతి

రెవెన్యూ నక్షా ఒకసారి విప్పి చూడండి. పొలాలన్నీ సర్వే నంబర్లతో, పుంతలతో, వాగు మలుపులతో సహా ఉంటాయి. మనుషులు కాపురముండే చోట మాత్రం ‘గ్రామకంఠం’ అని ఒకే ముక్క. శిస్తు వచ్చేది పొలం మీద కాబట్టి సర్వే గొలుసు అక్కడిదాకానే నడిచింది. ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచే స్వామిత్వ పథకం 2020లో గానీ రాలేదు. అది కూడా ఎవరి స్థలం ఎంత అన్న లెక్కే. ఏ వీధి బోరింగు చెడింది, కాలనీ పిల్లలు అంగన్‌వాడీకి వెళ్లాలంటే ఏ కాలవ దాటాలి అన్న సంగతులు అందులో వెతికినా దొరకవు. ఇక మనం ఫోన్లో చూసే పటాలు పట్నంలో గల్లీ గల్లీ చూపిస్తాయి. పల్లెలోకి వచ్చేసరికి చాలాచోట్ల ఒక పేరు, ఒక రోడ్డు గీత గీసి ఊరుకుంటాయి.

ఈ ఖాళీని ఊరివాళ్లే నింపుకోవడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. బ్రిటన్‌లో ప్రభుత్వ సర్వే పటాల సమాచారం కావాలంటే బోలెడు డబ్బు కట్టాల్సి వచ్చేది. అది నచ్చక స్టీవ్ కోస్ట్ అనే ఆయన 2004లో దీన్ని మొదలుపెట్టాడు. ఎవరైనా గీయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, పేరు చెప్పి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఉపగ్రహ చిత్రాలు చూసి రాజధాని వీధులను కొద్ది రోజుల్లో గీసేశారు. 2015 నేపాల్ భూకంపానికి కఠ్మాండూ కుర్రాళ్లే ముందుండి ఈ పని నడిపారు. మన ఊళ్లో ఏ విపత్తూ రానక్కర్లేదు. గ్రామసభలో నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు చేతిలో ఒక పటం ఉంటే చాలు, మాట తీరు మారుతుంది. ఆ పటం చేసుకునే పద్ధతి ఇది.

ముందు ముగ్గుపిండి

ఇలాంటి శిక్షణలు ఎక్కువగా ల్యాప్‌టాపు తెరవడంతో మొదలవుతాయి. నాకు అది నచ్చదు. కంప్యూటరు ముందు కూర్చునేది ఎవరో తెలిసిందే: డిగ్రీ చదివే కుర్రాడు, మహా అయితే బడి పంతులు. ఊరంటే వాళ్లకు తెలిసిన ఊరే పటంలోకి ఎక్కుతుంది.

అందుకని మొదట నేల మీద గీయండి. పొదుపు సంఘాలతో, ఉపాధి హామీ ప్రణాళికలతో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. సామాజిక పటం పేరుతో పల్లెల్లో చాలాకాలంగా చేయిస్తున్నదే. ముగ్గుపిండితో వీధులు, రంగుపొడితో కాలవలు, ఇటుక ముక్కలతో గుడీ బడీ, చింతగింజలతో బోరింగులు. ఆడవాళ్ల చేతికి పిండి ఇచ్చి పక్కకు తప్పుకోండి. నీళ్లకు ఎంత దూరం నడుస్తున్నారో వాళ్లకు కాళ్లతో తెలుసు.

ఎక్కడ గీస్తారన్నది ముఖ్యం. సర్పంచి ఇంటి ముందో, రామాలయం అరుగు దగ్గరో గీస్తే ఊరంతా వచ్చినట్టే కనిపిస్తుంది గానీ కొందరు రారు, వచ్చినా వెనకే నిలబడతారు. కాబట్టి రెండుసార్లు గీయించండి. ఒకటి ఊరి నడుమ, ఒకటి ఎస్సీ కాలనీలో. తండా గానీ గూడెం గానీ ఉంటే అక్కడ మూడోది. తర్వాత మేడ మీదినుంచి ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఊరి నడుమ గీసిన దాంట్లో కాలనీ ఒక మూలన చిన్న గుండ్రంగా ఉంటే, కాలనీలో గీసిన దాంట్లో అదే చోట పన్నెండు సందులు ఉండొచ్చు. ఆ తేడా ఎక్కడుందో మీ పని అక్కడ మొదలుపెట్టండి. రెండింటినీ చార్టు కాగితం మీదికి ఎత్తి దాచుకోండి. తెర మీద సందేహం వచ్చినప్పుడల్లా వాటినే చూడాలి.

తెర మీద గీతలు

బృందంలో ఎవరి ఖాతా వాళ్లు తెరవాలి. ఒకే ఖాతాను పదిమంది వాడితే, రేపు ఎవరైనా ప్రశ్న అడిగినప్పుడు జవాబు చెప్పేవాళ్లుండరు. మీరు చేసే ప్రతి మార్పూ మీ ఖాతా పేరుతో ప్రపంచమంతా చూసేలా ఉంటుంది కాబట్టి ఫోన్ నంబరునో, పూర్తి పేరునో ఖాతా పేరుగా పెట్టొద్దు. ఆడపిల్లలున్న బృందమైతే ఇంకో జాగ్రత్త: చాలామంది మొట్టమొదట గీసేది తమ ఇంటినే. మొదటి రోజే ఆ ఇల్లెక్కడో లోకానికి చెప్పేయకుండా చెరువుతో మొదలుపెట్టించండి.

బ్రౌజరులోనే తెరుచుకునే ఐడీ అనే ఎడిటరు కొత్తవాళ్లకు సరిపోతుంది. అందులోనే అభ్యాస పాఠం ఒకటుంది, గంటలోపు అయిపోతుంది. దాన్ని దాటేయకండి. చేయి తిరిగాక జోసమ్ అనే పెద్ద ఎడిటరుకు మారవచ్చు గానీ తొందరేమీ లేదు.

ఇక్కడున్న వస్తువులు మూడే రకాలనుకోండి: చుక్క, గీత, చుట్టుగీత. బోరింగు చుక్క. బాట గీత. చెరువు, ఇల్లు, బడి ఆవరణ చుట్టుగీతలు. ప్రతిదానికీ ఇది ఫలానా అని చెప్పే ట్యాగు తగిలించాలి. వెనక ఉపగ్రహ చిత్రం కనిపిస్తుంటుంది. బింగ్, ఎస్రీ వంటి సంస్థలు గీసుకొమ్మని అనుమతిచ్చిన చిత్రాలవి. గూగుల్ మ్యాప్స్‌లో చూసి ఇక్కడ గీయడం మాత్రం కుదరదు, అక్కడి వీధి పేరు ఎత్తి రాయడం కూడా కుదరదు. అది లైసెన్సుకు విరుద్ధం. పట్టుబడితే చేసిన పనంతా తీసేస్తారు. కొత్త బృందాలు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

గీసే వరుసలో ముందు నీళ్లు, తర్వాత బాటలు, చివర ఇళ్లు. చెరువు గట్టు, కాలవ, వాగు కుదిరితే మిగతావి వాటి పక్కన ఒదుగుతాయి. బాటల దగ్గర కొంచెం తికమక ఉంటుంది. రెండు పల్లెలను కలిపే చిన్న రోడ్డుకు ‘అన్‌క్లాసిఫైడ్’ అనే ట్యాగు పెడతారు. వినడానికి వర్గం తేలని రోడ్డులా ఉంటుంది గానీ అది మామూలు గ్రామీణ రోడ్డే. ఊళ్లో ఇళ్ల మధ్య వీధి ‘రెసిడెన్షియల్’. ఎడ్లబండో ట్రాక్టరో పోయే డొంక ‘ట్రాక్’. సిమెంటు వేశారు కదా అని సందును పెద్ద రోడ్డు చేయకూడదు. రోడ్డు ఎవరికి దేనికి పనికొస్తుందన్నది ఒక ట్యాగు, దాని మీద సిమెంటుందా, కంకరుందా, మట్టే ఉందా అన్నది ఇంకో ట్యాగు. కాలనీలోకి పోయే దారి ఒక్కటే మట్టిదైతే ఆ రెండో ట్యాగే సభలో మాట్లాడుతుంది.

ఇళ్లు గీసేటప్పుడు మూలలు వంకరపోతే ‘క్యూ’ మీట నొక్కండి, లంబకోణాలు వచ్చేస్తాయి. డాబా పైకప్పు చిత్రంలో పక్కకు వాలినట్టు కనిపిస్తుంది కాబట్టి కప్పు ఆకారం గీసి, దాన్ని పునాది మీదికి జరపాలి. కోనసీమ వైపైతే కొబ్బరి మట్టల కింద సగం ఇళ్లు కనిపించవు. కనిపించని దాన్ని ఊహించి గీయొద్దు, నడిచేటప్పుడు చూసుకుందాం. ఒక్కో సంస్థ చిత్రం ఒక్కో వైపు కొన్ని మీటర్లు జరిగి ఉండటం మామూలే. నలుగురు వీధుల్లో నడిచి జీపీఎస్ జాడలు ఎక్కించి, ఆ జాడలకు చిత్రాన్ని సర్దుకున్నాకే గీయడం మొదలుపెడితే తర్వాత ఊరంతా జరపాల్సిన బాధ తప్పుతుంది.

నడక

పటం నిజంగా తయారయ్యేది ఇప్పుడే. తెర మీద గీసిందాన్ని వాడల వారీగా పెద్ద అక్షరాలతో కాగితం మీద ముద్రించి ఇద్దరికొకటి ఇవ్వండి. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. ఫోన్లున్నవాళ్లు స్ట్రీట్‌కంప్లీట్ వాడవచ్చు. ఈ రోడ్డు మీద ఏముంది, ఈ ఇంటికి ఎన్ని అంతస్తులు అని అదే ప్రశ్నలడుగుతుంది, ట్యాగులు తెలియక్కర్లేదు. అది ముఖ్యంగా పటంలో ఉన్నవాటి గురించే అడిగే యాప్. కొత్తగా కిరాణా కొట్టో, బోరింగో చేర్చడానికి ఎవ్రీడోర్ అనే యాప్ చేతికి వాటంగా ఉంటుంది. సిగ్నలు లేని తండాల్లో కాగితమే మేలు.

పొద్దున్నే బయల్దేరండి. బోరింగు దగ్గర, కుళాయి దగ్గర బిందెల వరుస ఉన్నప్పుడు అడిగితే దాని చరిత్రంతా తెలుస్తుంది: ఎప్పుడు వేశారు, ఏ నెలలో ఎండుతుంది, తాగుతారా, బట్టలుతకడానికేనా. నల్లగొండ వైపు ఫ్లోరైడు ఊళ్లలో ‘తాగేందుకు పనికొస్తుందా’ అన్న ట్యాగు పెట్టకుండా బోరింగు గుర్తు ఒక్కటే పెడితే ఆ పటం అబద్ధం చెప్పినట్టే. చేతిపంపు పనిచేస్తోందా, చెడిందా అని చెప్పే ట్యాగు కూడా ఉంది. రెండూ నింపండి.

ఎవరిని అడుగుతున్నామన్నది కూడా చూసుకోవాలి. రెండొందల ఏళ్ల కిందట సర్వేయరు కాలిన్ మెకెంజీ దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊళ్ల వివరాలు సేకరించారు. ఇవాళ మనం కైఫియత్తులని చదువుకునేవి ఆ సేకరణలోవే. అదొక మహా పని. అయితే వాటిలో పెద్దగా వినిపించేది కరణాల గొంతు, కలం పట్టినవాళ్ల గొంతు. మన కాగితం పట్టుకున్నవాళ్లు కూడా రచ్చబండ దగ్గర ఇద్దరు పెద్దమనుషుల్ని అడిగి ఊరు మొత్తం రాసేసుకుని వచ్చే ప్రమాదముంది. కాలనీ వివరాలు కాలనీవాళ్లే చెప్పాలి, తండా సందులు తండావాళ్లే నడిపించాలి. ఇది దయతో చెప్పే మాట కాదు. వేరేవాళ్లు చెప్పిన వివరాలు తప్పుతాయి, అంతే.

రాసుకోకూడనివీ ఉన్నాయి. ఇంటి యజమానుల పేర్లు, కులాలు, ఎవరింట్లో ఎవరున్నారన్నవి ఈ పటానికి అక్కర్లేదు. స్థలం తగాదా ఉన్నచోట గోడ కనిపిస్తే గోడ గీయండి. ఎవరిదన్నది మీ పని కాదు, ఈ పటం పట్టా కాదు. దేశ సరిహద్దుల జోలికి అసలే పోవద్దు.

పేర్లు

తెలుగు నాట చాలా ఊళ్ల పేర్లు ఈ పటంలో ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి. ప్రధాన పేరును ఒక్కసారిగా మార్చేస్తే గొడవ. దాని పక్కన తెలుగు పేరు కోసమే ‘నేమ్:టీఈ’ అనే ట్యాగుంది, అందులో తెలుగులో రాయండి. తెలుగు వికీపీడియాలో రెవెన్యూ గ్రామాలకు పేజీలున్నాయి, అక్షరాల్లో సందేహమొస్తే సరిచూసుకోవచ్చు. అయినా చివరిమాట ఊరి బోర్డుది, ఊరివాళ్ల నోటిది. నేల మీద ఏముందో అదే పటంలో ఉండాలన్నది ఈ సముదాయం మొదటి సూత్రం.

వాడల పేర్ల దగ్గర ఆ సూత్రం ఒక్కటే సరిపోదు. పంచాయతీ కాగితంలో ఒక పేరు, ఊళ్లో పై కులాలు పిలిచే పేరు ఇంకొకటి, అక్కడుండేవాళ్లు పెట్టుకున్న పేరు మరొకటి. పాత పేరు, ఇంకో పేరు, అధికార పేరు అని వేర్వేరు ట్యాగులున్నాయి కాబట్టి అన్నీ పట్టించవచ్చు అంటారు కొందరు. నా లెక్క వేరు. ప్రధాన పేరు అక్కడుండేవాళ్లు చెప్పిందే. కులం పేరుతో కించపరిచే పిలుపు ఎంతమంది నోట్లో ఉన్నా ఏ ట్యాగులోనూ వద్దు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఐదొందలకు పైగా జనాభా ఉన్న తండాలు, గూడేలు చాలావరకు సొంత పంచాయతీలయ్యాయి. పటాల్లో ఇంకా పక్క ఊరికి తోకలుగా ఉన్నవి కనిపిస్తే ముందు వాటికి ఒక చుక్క, ఒక పేరు పెట్టండి. మిగతా వివరాలు తర్వాత.

కొన్నిటికి తయారు ట్యాగు దొరకదు. అంగన్‌వాడీని శిశు పాఠశాల ట్యాగులో పెడుతున్నారు, ఓవర్‌హెడ్ ట్యాంకుకు, శ్మశానానికి సరిపోయేవి ఉన్నాయి. మరి బొడ్రాయి? సరిహద్దు రాయికి ట్యాగుంది, బొడ్రాయి ఉండేది ఊరి నడుమ. పీర్ల చావిడి ఇంకా చిక్కు. ప్రార్థనా స్థలం అంటే మతం ఏదని పక్క ట్యాగు అడుగుతుంది. ముస్లిం అని రాస్తే, మొహర్రానికి పీరెత్తుకుని నిప్పుల గుండం చుట్టూ తిరిగే హిందువులు ఆ పటంలో ఎక్కడున్నారు?

ఇలాంటివాటికి ఈ సముదాయంలో దారి ఉంది. కొత్త ట్యాగు కావాలంటే ప్రతిపాదన రాస్తారు, కొన్ని వారాలు చర్చ, ఆ పైన ఓటింగు. నూటికి 75 మంది ఒప్పుకుంటే ఆమోదం. ఆమోదం వచ్చినా ఎవరినీ కట్టిపడేయదు. జనం వాడితే నిలుస్తుంది, వాడకపోతే కాగితం మీదే ఉండిపోతుంది. మొదటి పటానికే అంత దూరం పోనక్కర్లేదు. దగ్గరి ట్యాగు పెట్టి, తెలుగు పేరు రాసి, వివరణ గడిలో రెండు వాక్యాలు చేర్చితే చాలు. పది ఊళ్లలో పీర్ల చావిళ్లు ఎక్కాక అందరూ కలిసి ప్రతిపాదన రాస్తే బరువుంటుంది.

పంపడం, జవాబు చెప్పడం

మార్పులను వాడకొకటిగా చిన్న చిన్న మూటలు కట్టి పంపండి. ప్రతి మూటకూ ఒక వ్యాఖ్య రాయాలి. ‘మార్పులు’ అని ఒక్క మాట రాస్తే ఎవరికీ పనికిరాదు. ‘కాలనీ వీధులు, నాలుగు చేతిపంపులు, స్వయంగా నడిచి చూసినవి’ అని రాస్తే వేరేవాళ్లు నమ్ముతారు. ‘ఎవరైనా సరిచూడండి’ అనే గడి ఒకటుంది, కొత్తల్లో దానికి టిక్కు పెట్టండి. ఏదైనా సంస్థ తరఫున, జీతం మీద, పెద్ద బృందంగా గీస్తుంటే ఆ సంగతి బయటికి చెప్పాలని 2018 నుంచి నియమాలున్నాయి. అమెజాన్, మెటా వంటి కంపెనీల మనుషులు కూడా ఇదే పటంలో గీస్తుంటారు, ఆ నియమాలు వాళ్లకూ వర్తిస్తాయి.

కొద్ది రోజుల్లో ఎవరో, బెంగళూరు నుంచో జర్మనీ నుంచో, మీ మూట కింద ప్రశ్న రాస్తారు: ఈ రెండు బాటలు కలవలేదేం, ఈ చెరువు రెండుసార్లు గీశారేం. దాన్ని తప్పు పట్టడంగా తీసుకుని మౌనంగా ఉండిపోయేవాళ్లు మనవాళ్లలో ఎక్కువ. జవాబు రాయండి, ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయండి, అనువదించుకుంటారు. వాళ్లు చిత్రం చూస్తున్నారు, మీరు నేల చూశారు. ఆ మాట ఫొటోతో సహా చెబితే వాదం సాధారణంగా అక్కడే తీరుతుంది. ఒకరు రాసింది ఇంకొకరు చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపే దాకా వస్తే మీరు ఆగండి. అలాంటి తగాదాలు చూసే స్వచ్ఛంద బృందం ఒకటుంది, వాళ్లకు చెప్పండి.

ఈ పటం వెనక ఒక ఫౌండేషను ఉంది, దాని బోర్డును సభ్యులే ఎన్నుకుంటారు. సభ్యత్వానికి రుసుము ఉంది. అయితే ఏడాదిలో 42 రోజులు పటంలో పనిచేసినవాళ్లు రుసుము లేకుండానే చేరి ఓటు వేయవచ్చు. ఊరి పటం ఓపిగ్గా చేసినవాళ్లకు ఆ 42 రోజులు తెలియకుండానే నిండుతాయి. దరఖాస్తు పెట్టుకోవడం మాత్రం మరిచిపోకండి.

సభలో పటం

గీసిన సమాచారాన్ని బయటికి తీయడానికి ఓవర్‌పాస్ టర్బో ఉంది. ఈ చట్రంలో ఉన్న చేతిపంపులన్నీ చూపించు అంటే చూపిస్తుంది. వాటిని యూమ్యాప్‌లో పోసి రంగులు పెట్టవచ్చు: పనిచేసేవి ఆకుపచ్చ, చెడినవి ఎరుపు, తాగడానికి పనికిరానివి నలుపు. ముద్రణకు క్యూజీఐఎస్ బాగుంటుంది. తెలుగు ఫాంటు పెట్టి, కొలబద్ద, ఉత్తర దిక్కు, సర్వే చేసిన తేదీ వేసి, కింద ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్స్’ అని తప్పక రాయాలి. ఉచితంగా వాడుకోవడానికి కట్టే కిరాయి అదొక్కటే. ముద్రించేది ఊరి మేరకే ఉండాలి. అలంకారానికని మూలన దేశం పటం పెట్టకండి. సర్వే ఆఫ్ ఇండియా గీతకు భిన్నంగా దేశ సరిహద్దులు అచ్చువేయడం 1961 చట్టం ప్రకారం నేరం. ఈ అంతర్జాతీయ పటంలో ఆ గీతలు వేరుగా ఉంటాయి.

పంచాయతీలు ఏటా అభివృద్ధి ప్రణాళిక రాస్తాయి. ఆ గ్రామసభలు అక్టోబరు 2 నుంచి మొదలయ్యే ప్రచారంలో భాగంగా జరుగుతాయి. పటం దానికి కనీసం నెల ముందు సిద్ధం కావాలి. నేరుగా సభలో విప్పడం కన్నా ముందు ముగ్గు గీసిన చోట్లలోనే గోడకు తగిలించి, తప్పులు దిద్దించుకుని, మళ్లీ ముద్రించడం మంచిది. సభలో మొత్తం ఊరి పటం ఒక్కటి చాలదు. అడగదలచిన విషయానికి ఒక పటం, అంతే. నీళ్లకు ఒకటి, దారులకు ఒకటి. చెడిన బోరింగుల పటంలో గుడి, బడి, రోడ్డు తప్ప మిగతావన్నీ తీసేయండి. ఏడు ఎర్ర చుక్కల్లో ఐదు కాలనీ చుట్టూనే ఉంటే దాన్ని వివరించడానికి ఉపన్యాసం అక్కర్లేదు. పంచాయతీ కార్యదర్శికి ఒక ప్రతి ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర తీసుకోండి. తీర్మానాల పుస్తకంలో ఆ పటాన్ని జతపరిచినట్టు ఒక్క వాక్యం రాయించుకోండి. బోరింగు బాగుపడిన రోజు పటంలో దాని ట్యాగు మార్చే పని ఎవరిదో ఆ సభలోనే పేరు రాసుకోండి.